ఇంటి ఈతకొలను: క్రొత్తనీటి సంస్కారము



మహాకావ్యమునకు కావలసిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ యొకటి. ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనై యుండి ఆ వర్ణనలను పిల్లలకు ఎన్నిసార్లు బోధించితినో లెక్క లేదు. నాయికలు కొలనిలో దిగుదురు, తామరలు కదలును, తుమ్మెదలు లేచును, కుంకుమపూత కరిగి నీరెఱ్ఱనగును. ఇంతవరకు చెప్పి, ప్రతిపదార్థము వ్రాయించి, తరువాతి పద్యమునకు పోవువాడను. ఆ నీటిలో సున్నమెంత, క్షారమెంత, అది కన్నులకు మంట పుట్టించునా యని ఏ విద్యార్థియు అడుగలేదు, నాకును తోచలేదు. ఉద్యోగ విరమణానంతరము, అరువదియారవ యేట, ఆ ప్రశ్న నా నెత్తిమీదికే వచ్చినది. అది వచ్చిన విధమును, దానివలన నేను నేర్చినదియు నేడు విన్నవించెదను.

మా కుమారుడు హైదరాబాదునకు పడమటి పొలిమేరలలో ఇల్లు కట్టించుకొని పెరటిలో ఈతకొలను త్రవ్వించెను. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. ఒక కొన 90 సెంటీమీటర్ల లోతు, రెండవ కొన 160. సగటున ఒకటింబాతిక మీటరు. కాంక్రీటు తొట్టి, లోపల నీలిపలకలు, పలకల సందులలో సిమెంటుపూత. పని ముగిసిన వారమునకే వాడు ఉద్యోగకార్యముపై విదేశమునకు పోవలసివచ్చెను. "నాన్నగారూ, నీళ్లు నింపించి మందులు వేయించండి, కంపెనీవాళ్లు మనిషిని పంపుతారు, మీరు ఊరికే చూస్తూ ఉంటే చాలు" అని చెప్పి వెడలిపోయెను. నేను ఊరకే చూచుచుంటిని. తప్పు అచ్చటనే జరిగినది.

నీరు నింపిన మరునాడు ఆ మనిషి రెండు సీసాల ఆమ్లమును, ఒక డబ్బా బ్లీచింగు పొడియు తెచ్చెను. మోటారుగది సగము భూమిలోనికి దిగియుండును. అందు మా తోటమాలి కవాటములు త్రిప్పుట నేర్చుకొనుచుండెను. వచ్చినవాడు మొదట బకెట్టులో పొడి కలిపి కొలనిలో చల్లెను. అడుగున మిగిలిన ముద్దను కడుగక, అదే బకెట్టులో ఆమ్లమును వంచెను. వెంటనే పసుపుపచ్చని పొగ యొకటి లేచి, పైకి పోక, నీరు పల్లమునకు పాఱినట్లు మోటారుగది మెట్లమీదుగా దిగినది. అది క్లోరిన్ వాయువు. గాలికంటె రెండున్నర రెట్లు బరువు. 1774లో షీలే యను స్వీడను దేశపు రసాయనికుడు దానిని తయారుచేసెను; 1810లో డేవీ మహాశయుడు దాని రంగునుబట్టి, పచ్చన యను అర్థముగల గ్రీకుపదముతో నామకరణము చేసెను; 1915లో యూరపు యుద్ధభూమిలో సైనికులను చంపుటకు వాడినదియు దానినే. ఈ సంగతులన్నియు నేను పిమ్మట చదివినవి. ఆ క్షణమున నాకు తెలిసినది, గదిలోనుండి దగ్గు వినబడుట, మనిషి కనబడకుండుట. డ్రైవరు మూతికి తడిగుడ్డ కట్టుకొని దిగి యాతనిని పైకి లాగెను. రెండు రాత్రులు ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిరి. బ్రదికెను. ఆసుపత్రి వరండాలో ఆతని భార్య మూడేండ్ల పిల్లవానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండి నన్నేమియు అడుగలేదు. అడిగియుండిన నాకు కొంత తేలికగా ఉండెడిది.

ఆ మనిషిని మరల రావద్దంటిని. ఆతడు చెడ్డవాడు కాడు, తెలియనివాడు. తెలియకపోవుట నాకును సమానమే గనుక, తెలిసికొనువఱకు ఆ నీటిలో ఎవరును దిగరాదని కట్టడి చేసి, మా తొమ్మిదేండ్ల మనుమరాలిని లెక్కలకు తోడు పెట్టుకొని చదువ నారంభించితిని.

మొదటి పాఠము గణితము. కొలనిలో నీరెంతయో తెలియనివాడు మందు వేయుట, రోగి వయస్సు తెలియని వైద్యుడు మాత్ర యిచ్చుట వంటిది. ఎనిమిదిని నాలుగుచే గుణించి, దానిని ఒకటింబాతికచే గుణించిన 40 ఘనపు మీటర్లు, అనగా 40,000 లీటర్లు. ఈ శాస్త్రములో కొలత యేమనగా, ఒక లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము పదార్థము ఉన్నయెడల దానిని ఒక పాలు అందురు. పదిలక్షలలో ఒక పాలు అన్నమాట. మా కొలనికి ఒక పాలు అనగా 40 గ్రాములు. ఈ యొక్క లెక్క చేతనున్న తక్కినవన్నియు త్రైరాశికములే.

ఇక నీటి స్వభావము. నేను కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడను. మా ఊరి కాలువనీట కందిపప్పు అరగంటలో మెదిగిపోవును. ఇచ్చట బోరునీట గంట ఉడికినను పప్పు బద్దలు బద్దలుగానే యుండును. సబ్బు నురుగు రాదు. నీరు కాచిన గిన్నెలో తెల్లని పెచ్చు కట్టును. ఇది దక్కను నల్లరాతి పొరలలో చిరకాలము నిలిచిన నీరు. సున్నపు లవణములను, మెగ్నీషియపు లవణములను కరిగించుకొని పైకి వచ్చును. వంటయింటివారు దీనిని ఉప్పునీళ్లని తేల్చివేయుదురు. శాస్త్రజ్ఞులు కాఠిన్యమని, క్షారత యని రెండు గుణములుగా విడదీసి కొలుతురు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటచేతనే సగము పొరపాట్లు జరుగుచున్నవి.

కాఠిన్యము నీట కరిగియున్న కాల్షియమునుబట్టి యుండును. క్షారత, ఆమ్లము వచ్చిపడినప్పుడు దానిని మ్రింగి తన స్థితి చెడకుండ నిలుపుకొను శక్తి. మొదటిది ఈతకొలనిలో 200 మొదలు 400 పాళ్ల వఱకు, రెండవది 80 మొదలు 120 పాళ్ల వఱకు ఉండుట మంచిది. మా అదృష్టమేమనగా, బోరు చాలక సగము నీరు నగరమునుండి ట్యాంకరులలో తెప్పించితిమి. పరీక్షించిచూడగా బోరునీటి కాల్షియపు కాఠిన్యము 480, ట్యాంకరు నీటిది 80. సగము సగము కలియగా 280 అయ్యెను. తెలియక చేసిన పని మేలయినది. క్షారతమాత్రము బోరునీట 320, ట్యాంకరునీట 100 గనుక కలిపి 210 నిలిచినది. అది ఎక్కువ.

ఎక్కువైన నేమగును? మెత్తని నీరే మంచిదికదా, సున్నము లేకుండ తీసివేయరాదా యని మా కోడలు అడిగెను. ఇచ్చట సున్నపుతేట సంగతి చెప్పవలయును. తాంబూలపు సున్నమును నీట కలిపి, పేరుకొనిన తరువాత పైతేటను గాజుగ్లాసులోనికి వంచి, గొట్టముతో నోటిగాలి ఊదిన పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి సుద్దగా మాఱుటయే దానికి కారణము. ఇంకను ఊదుచునే యుండిన ఆ తెలుపు కరిగి మరల తేటపడును. ఎన్నో పాఠశాలలలో చేయించు పరీక్ష యిది. ప్రక్క తరగతిలో సైన్సు మాస్టారు చేయించుచుండగా కిటికీలోనుండి చూచినవాడనే, పట్టించుకొననైతిని. ఈతకొలని శాస్త్రమంతయు ఆ గ్లాసులోనే యున్నది. సుద్ద ఎప్పుడు పేరును, ఎప్పుడు కరుగును అనునదే ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి లాంజిలియరు అను ఆచార్యుడు 1936లో దీనికొక లెక్క కట్టెను. నీటి పి.హెచ్., వేడిమి, కాల్షియము, క్షారత, కరిగిన లవణముల మొత్తము, వీనిని కలిపి చూచిన నీరు సుద్దతో తృప్తి పొందినదో, ఆకలిగొన్నదో, అజీర్తి చెందినదో తెలియును. ఆయన పైపులు చెడకుండుటకై కట్టిన లెక్క, నేడు ఈతకొలనులకును దిక్కైనది. లెక్క సున్నకు ఇటు అటు మూడు దశాంశములలో నున్న చాలును.

ఆకలిగొన్న నీరు ఊరకుండదు. వాననీటివంటి మెత్తని నీటిని నింపిన, అది పలకల సందులలోని సిమెంటునుండి సున్నమును లాగుకొని తినును. రెండు మూడేండ్లలో సందులు గుల్లబాఱి పలకలు ఊడును. అజీర్తి చెందిన నీరు తనలోని సున్నమును కక్కును. పలకలపై తెల్లని గరుకు, గొట్టములలో పెచ్చు, నీట మసక. కాబట్టి కోడలి ప్రశ్నకు సమాధానము, సున్నము ఉండవలయును, మితముగా.

క్రొత్త కొలనికి మఱియొక చిక్కు. సందులలో పూసిన సిమెంటు పచ్చిది. పూసిన తరువాత పదునాలుగు దినములు ఆఱనిచ్చితిమి గాని, అది లోపల గట్టిపడుచు వారముల తరబడి సున్నమును నీటిలోనికి వదలుచునే యుండును. అందుచేత క్రొత్తకొలని పి.హెచ్. ప్రతిదినము పైకి ఎగబ్రాకును. పలకలకు మాఱుగా పాలఱాతి పొడియు తెల్లసిమెంటును కలిపి పూత పూసిన కొలనులలో ఇది మఱింత తీవ్రము. అట్టివారు నీరు నింపుట నడుమ ఆపరాదు, ఆపినచోట గీత పడును. మొదటి వారములలో దినమునకు రెండుసార్లు కుంచెతో గోడలు రుద్దవలయును. ఉప్పుతో క్లోరిన్ పుట్టించు యంత్రమున్నను మొదటి నెల ఉప్పు వేయరాదు. మాది పలకలకొలను గనుక మాకు రుద్దుడు దినమునకు ఒకమాఱే. ఆ పని మనుమరాలికి అప్పగించితిని, గట్టుపై నిలిచి పొడుగు కఱ్ఱతో. నేను ప్రక్కన ఉన్నప్పుడు మాత్రమే.

పి.హెచ్. అని పలుమాఱులు అంటిని. కోపెన్‌హేగను నగరమున కార్ల్‌స్‌బర్గు ప్రయోగశాలయందు సోరెన్‌సెన్ అను పండితుడు 1909లో ఈ కొలమానమును కల్పించెను. ఏడు మధ్యస్థము, దిగువ పులుపు, ఎగువ క్షారము. ఒక్క అంకె మాఱిన పదిరెట్లు మాఱినదని అర్థము, కావున 7.4కును 8.4కును భేదము స్వల్పము కాదు. ఈతకొలనికి 7.2 మొదలు 7.8 వఱకు తగును.

క్షారతను 210 నుండి 110కి దింపవలెను. దానికి ఆమ్లము కావలెను. పూర్వపు తెలుగు శాస్త్రగ్రంథములలో దీనికి ఉదహరికామ్లమని చక్కని పేరు. అంగడిలో నట్లడిగిన ఎవరికిని తెలియదు, యాసిడ్ అన్న సీసా చేతికిత్తురు. నూటికి 32 వంతుల బలముగల ఆ ద్రవము మా కొలనిలో 800 మిల్లీలీటర్లు పోసిన క్షారత 10 పాళ్లు తగ్గును. నూఱు పాళ్లకు 8 లీటర్లు. దానిని ఒక్కసారిగా పోసిన కొలను పులిసిపోయి సిమెంటును, ఇనుప భాగములను తినివేయును. పది దినములు, దినమునకొకసారి, సాయంకాలము, మోటారు తిరుగుచుండగా, లోతైన కొనయందు, గాలికి వీపు పెట్టి పోసితిని. కండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు. మొదట బకెట్టు నిండుగా కొలనినీరు, ఆ నీటిలో ఆమ్లము. ఎన్నడును ఆమ్లములో నీరు పోయరాదు; తోకత్రొక్కిన పామువలె ఎగసి ముఖమున పడును. ఆ బకెట్టుపై ఎఱ్ఱరంగుతో ఆమ్లమని నేనే వ్రాసితిని. క్లోరిన్ బకెట్టు వేఱు, నీలిరంగు. అది మఱియొక గదిలో నుండును.

ఇచ్చట నాకొక సందేహము కలిగెను. ఆమ్లము పోసినప్పుడు పి.హెచ్. 7.8 నుండి 7.4కు పడును; మఱునాటికి మరల 7.8కి చేరును. క్షారతమాత్రము తగ్గినది తగ్గినట్లే యుండును. ఇది యేమి మాయ? గోలీసోడా త్రాగినవారికి తెలియవలసినదే. ఆమ్లము క్షారమును విఱిచి బొగ్గుపులుసు వాయువును పుట్టించును. అది నీటిలో నిలిచియున్నంతసేపు నీరు సోడావలె పుల్లగా నుండును. మోటారు నీటిని చిమ్మి గాలితో కలుపగా ఆ వాయువు ఎగిరిపోవును, పులుపు పోవును, పి.హెచ్. లేచును. దానికితోడు పచ్చిసిమెంటు చేయిచ్చి లేపును. కాబట్టి పి.హెచ్. మరల పెరిగినదని దిగులుపడనక్కఱ లేదు. పదియవ దినమునకు క్షారత 115. అచ్చట ఆపితిని. దీనికి విపర్యయముగా క్షారత తక్కువైన కొలనులకు వంటసోడా మందు. మా కొలనియంత నీటికి 670 గ్రాములు 10 పాళ్లను పెంచును. ట్యాంకరునీరే నింపువారికి అది అక్కఱకు వచ్చును.

ఇంత పాటు దేనికి? క్లోరిన్ పని చేయుటకు. క్లోరిన్ నీటిలో రెండు రూపములు దాల్చును. ఒకటి క్రిములను చంపునది, రెండవది దాదాపు సోమరి. పి.హెచ్. 7.5 వద్ద రెండును సగము సగము. 8కి చేరిన చురుకైనది నూటికి 25 వంతులు మాత్రమే; 8.5 వద్ద నూటికి 10 వంతులు. క్రొత్తకొలను పి.హెచ్. చూడక క్లోరిన్ క్రుమ్మరించువారు సోమరులకు జీతమిచ్చుచున్నారన్నమాట.

నీరు తేటగానున్నది కదా, క్లోరినెందులకని అడుగువారు కలరు. తేటతనము వేఱు, శుద్ధి వేఱు. మన పెద్దలు చిల్లగింజను కుండలో అఱగదీసి నీటిని తేర్చిరి. సుశ్రుతసంహితయందు నీటిని తేర్చు ద్రవ్యములలో అది కతకమను పేర పేర్కొనబడినది. నాకు గర్వకారణమే. కాని చిల్లగింజ మట్టిని దించును. కంటికి కనబడని క్రిమి నీటిలోనే మిగిలిపోవచ్చును. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున లీల్ అను వైద్యుడు ఊరినీటికి నిరంతరము క్లోరిన్ కలిపించెను. పిమ్మట దేశదేశముల నది వ్యాపించినది. 2024లో కేరళమున కుంటలలోను వాగులలోను స్నానము చేసిన పిల్లలు ముక్కుద్వారా మెదడుకెక్కు అమీబావలన మరణించిన వార్తలు విన్నాము. పెరటికొలను కూడ, క్లోరిన్ మానిన, పలకలు పఱచిన కుంటయే.

మొదటిమాఱు క్లోరిన్ వేసిన రాత్రి నిదురపోయి, తెల్లవాఱి చూచుసరికి కొలను నిండ టీనీరు! నీలిపలకలు కనబడలేదు. మా కోడలు ఏమియు అనలేదు గాని ఫోటో తీసి కుమారునికి పంపినది. కారణము తెలిసిన తరువాత నవ్వు వచ్చినది. బోరునీట ఇనుము కరిగియుండును. కరిగినంతకాలము దానికి రంగు లేదు. క్లోరిన్ తగిలిన వెంటనే అది త్రుప్పుగా మాఱి పైకి తేలును. దోషము క్లోరినుది కాదు. అది దాగిన దోషమును బయటపెట్టినది. పటిక కలిపి, మోటారు ఆపి, ఒక రాత్రి కదలక యుంచితిమి. త్రుప్పంతయు అడుగున మెత్తని చాపవలె పఱచుకొనెను. దానిని గొట్టముతో మెల్లగా పీల్చి, వడపోతకు పోనీయక నేరుగా కాలువలోనికి వదలితిమి. నాలుగు వేల లీటర్లు పోయినవి. వేసవిలో అది బాధయే.

క్లోరినుకు ఎండ శత్రువు. మన చైత్రపుటెండలో, రక్షణ లేని కొలనిలో వేసిన క్లోరిన్ కొలది గంటలలోనే చాలభాగము నశించును. సయన్యూరిక్ ఆమ్లమను తెల్లనిపొడి దానికి గొడుగువంటిది. 30 పాళ్లకు 1,200 గ్రాములు. పాతమేజోడులో పోసి నీరు వచ్చు ద్వారమునకు ఎదురుగ వ్రేలాడదీసిన రెండు మూడు దినములలో కరుగును. ఈ గొడుగు మితి మీరిన క్లోరినును ముడుచుకొని కూర్చుండబెట్టును. 50 పాళ్లు దాటనీయరాదు. అంగడిలో నమ్ము బిళ్లలలో ఈ పదార్థము కూడ కలిసియుండును: బిళ్ల 10 పాళ్ల క్లోరినుతో 6 పాళ్ల గొడుగును వెంటబెట్టుకొని వచ్చును. నెలల తరబడి బిళ్లలే వేసినవారి నీరు ఎంత క్లోరిన్ ఉన్నను పాచిపట్టుటకు ఇదియే కారణము. బ్లీచింగు పొడియందు గొడుగు లేదు గాని సున్నమున్నది. మా బోరునీటికి అది కాకులను కొట్టి గ్రద్దలకు వేసినట్లు కాకున్నను, అక్కఱలేని భారము. నేను ద్రవరూపపు క్లోరిన్ వాడితిని. నూటికి పది వంతుల బలముగల లీటరు మా కొలనికి రెండున్నర పాళ్లు. బిళ్లలను బ్లీచింగు పొడిని పొడిగానైనను ఒకచోట కలుపరాదు. అవి మండును, ప్రేలును.

ఇక నా రెండవ తెలివితక్కువతనము. క్లోరినును కొలుచుటకు చుక్కమందు కలదు. చిన్నగొట్టములో నీరు పోసి చుక్కలు వేసిన, క్లోరిన్ కొలది గులాబిరంగు వచ్చును. చైత్రములో నాలుగు దినములు మబ్బు పట్టెను. చూచితిని, రంగు లేదు. నాలుగు లీటర్లు పోసితిని. మఱునాడు చూచితిని, రంగు లేదు. మరల నాలుగు. మూడవనాడు సీసా చేతపట్టుకొనగా మనుమరాలు, "తాతయ్యా, చుక్క పడగానే గులాబీ రంగు వచ్చి మాయమైపోతోంది. నువ్వు కళ్లజోడు పెట్టుకుని చూడు" అన్నది. పెట్టుకొని చూచితిని. నిజమే. క్లోరిన్ మితిమీరినప్పుడు రంగునే చలువచేసివేయును, చాకలి బట్టనువలె. లేనప్పుడును తెలుపే, మితిమీరినప్పుడును తెలుపే! ఒక పాలు కొలనినీటికి నాలుగు పాళ్లు శుద్ధజలము కలిపి పరీక్షింపగా నాలుగు వచ్చినది. అయిదుచే గుణింపగా 20 పాళ్లు. ఆ నీట పిల్లలు దిగియున్న కన్నులు, చర్మము ఏమగునో. మబ్బు విడిచిన తరువాత ఎండయే దానిని దింపినది. మూడింటికి వచ్చుటకు అయిదు దినములు పట్టెను. ముప్పదియేండ్లు పిల్లల తప్పులు ఎఱ్ఱసిరాతో దిద్దినవానికి అది తగిన శాస్తియే.

మా యింట ఇప్పుడు క్లోరిన్ రెండుకు తగ్గనీయము, నాలుగుకు మించనీయము. కన్నులెఱ్ఱబడుటకు క్లోరిన్ హెచ్చుటయే కారణమని పలువురు తలతురు. చాలమాఱులు చెమట, మూత్రము క్లోరినుతో కలిసి పుట్టించు పదార్థమే ఆ మంటకును, ఆ ఘాటైన వాసనకును మూలము. అందుచేత స్నానము చేసి స్నానమునకు దిగుట ఇచ్చటి ఆచారము.

వడపోత సంగతి స్వల్పము. దినమునకు ఎనిమిది గంటలు మోటారు తిరుగవలయును. ఇసుకతొట్టిపై ముల్లు శుద్ధముగా నున్నప్పటికంటె అరపట్టు ఒత్తిడి హెచ్చు చూపినప్పుడు నీటిని ఎదురుత్రిప్పి కడుగవలయును. బోరునీరు వాడువారికి అది తఱచుగా వచ్చును.

ఇంకొకమాట, ఇది రసాయనము కాదు. నాలుగు అడుగుల కంచె, తనంతట తాను మూతపడు తలుపు, పిల్లల చేతికందని గొళ్లెము, ఇవి లేనిదే మా కొలనికి నీరు నిలుపనని పట్టుపట్టితిని. అందము చెడునని ఇంటి నమూనా గీచినవారు అభ్యంతరము చెప్పిరి. తోటమాలి కుమారునికి మూడేండ్లని నేనంటిని. కంచె వచ్చినది.

తోటమాలి పండ్రెండవ దినమున పనిలోనికి వచ్చెను. మోటారుగది మెట్లు దిగలేదు, నేనును దిగుమనలేదు. ఆ గదికి ఎత్తున ఒక గాలిమర, నేలకు ఆని మఱియొకటి పెట్టించిన తరువాత, ఒకనాడు తానే దిగెను. పరీక్షగొట్టములు పట్టుటకు మనుమరాలు ఆతనికి నేర్పినది. ఆతనికి చదువు రాదు. రంగులు నాకంటె చక్కగా గుర్తించును. "సారూ, పొద్దుగాల రంగు జర ఎర్రగైంది, ఆమ్లం పడాలె" అని పి.హెచ్. పెరిగినదని చెప్పును. ఆమ్లమను మాట నాయొద్దనే పట్టినాడు.

వైశాఖమున, నీరు నింపిన ముప్పదియారవ దినమున, పి.హెచ్. 7.5, క్షారత 110, కాఠిన్యము 290, క్లోరిన్ మూడు. మనుమరాలు స్నానముచేసి వచ్చి మెట్టుపై కాలుపెట్టి నా మొగము చూచినది. నేను తోటమాలి మొగము చూచితిని. ఆతడు గొట్టమును ఎండకెత్తి, మఱియొకసారి చూచి, తలయూపెను.